ఉదాహరణలో నా పేరు

చలికాలం మొదలవగానే నారాయణగూడ చౌరస్తా దాటి చిక్కడపల్లి వైపు తిరిగే మలుపులో సంత్రా బండ్లు వచ్చి నిలబడతాయి. బండివాడు ఒక పండు ఒలిచి అందరికీ కనబడేలా పైన పెడతాడు. ఆ తొక్క వాసన బస్సుల పొగను, పక్క బండి మీద కాగే మిర్చీల నూనె వాసనను దాటుకుని వచ్చి ముక్కుకు తగులుతుంది. మొన్న ఆఫీసు నుంచి కాళ్లీడ్చుకుంటూ వస్తుంటే ఆ వాసనకే ఆగిపోయాను. బండి మీద ఒక పక్క సంత్రాలు, ఒక పక్క ఆపిల్ పండ్లు. ఏది మంచిగుందని అడిగితే బండివాడు నా ముఖమైనా చూడకుండా, “రెండు మంచిగనే ఉన్నయక్కా, మీకేది గావాల్నో చెప్పున్రి” అన్నాడు.

పోలికకు లొంగని రెండింటిని పక్కపక్కన పెట్టేవాణ్ని ఇంగ్లీషువాళ్లు ‘ఆపిల్‌ను, సంత్రాను పోలుస్తున్నావు’ అంటారని మా బాపు చెప్పేవాడు. చెప్పడమైతే చెప్పేవాడు గానీ, ఆయన బతుకంతా మనిషిని పక్క మనిషితో పోల్చడంలోనే గడిచింది. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే కోపం రాదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

అప్పట్లో మా ఇల్లు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి అశోక్‌నగర్ వైపు పోయే గల్లీల్లో ఒకదానిలో ఉండేది. షాబాదు బండలు పరిచిన వాకిలి, మూలకు నల్లా, నల్లా నీళ్లు తాగి ఏపుగా పెరిగిన జామచెట్టు, పక్కనుంచి మెట్లెక్కితే మిద్దె మీద ఒక రేకుల గది. ఎండాకాలం వస్తే అమ్మ మిద్దె మీద పాత చీరలు పరిచి వడియాలు పెట్టేది, నాయినమ్మ గొడుగు వేసుకుని కాకులను తోలుతూ కూర్చునేది, మా చెల్లె పద్మా నేనూ సగం ఎండిన వడియాలను ఆమె కళ్లుగప్పి తినేవాళ్లం. వాన పడితే రేకుల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. అందరం వరండాలో చేరి చింతగింజలతో అష్టాచెమ్మ ఆడుతుంటే ఇల్లంతా తడి మట్టి వాసన, ఉడికిన పల్లికాయ వాసన. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూలు, గునుగు పూలు బండల మీద రాశులు పోసి ఉండేవి. సద్దుల నాడు అమ్మ చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, పెరుగు సద్ది కలిపి, రొట్టెలు నలిపి బెల్లం నెయ్యి వేసి మలీద ముద్దలు కట్టేది. గల్లీ ఆడవాళ్లు చుట్టూ చేరి, ముందు మా అక్కచెల్లెళ్లిద్దరి బతుకమ్మలలో ఎవరిది ఎత్తుగా ఉందో చూసి, ఆ తర్వాతే పాట అందుకునేవాళ్లు.

పద్మ నాకంటే ఏడాది చిన్నది. అది మాట్లాడడం త్వరగా నేర్చింది, ఎక్కాలు త్వరగా చదివింది, ఇంటికి ఎవరొచ్చినా తడుముకోకుండా ఇంగ్లీషులో జవాబు చెప్పింది. నేను ఏది చేసినా మెల్లగా చేసేదాన్ని. నాయినమ్మకు జడ వేయడం, ఆమె మోకాళ్లకు నూనె రాయడం, పప్పులో రాళ్లు ఏరడం నాకు ఇష్టం. వాటికి మార్కులు లేవు.

బాపు అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ దుకాణం పైన ఉన్న హాలులో, సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీషు గ్రామర్ చెప్పేవాడు. నల్గొండ, కరీంనగర్, పాలమూరు పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే యువకులు బెంచీలు చాలక కిటికీల్లో కూడా కూర్చునేవాళ్లు. పొద్దున ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి. ఇంటికి వచ్చేసరికి ఆయన జుట్టులో, కనుబొమల్లో చాక్‌పీస్ పొడి ఉండేది. గొంతు బొంగురుపోయి, మిరియాల పాలు తాగితే గాని మాట వచ్చేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆ పరీక్షలు ఆయన కూడా రాశాడు. ఇంటర్వ్యూ దాకా పోయి, తనకంటే కొంచెం పైన ఉన్నవాళ్ల వల్ల కొలువు అందక వెనక్కి వచ్చాడు. అందుకేనేమో, లోకమంటే ఆయనకు ఒక వరస, ఆ వరసలో ఒకడికి ముందు ఒకడు.

ఇంగ్లీషు గ్రామర్‌లో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ అని ఒక పాఠం ఉంటుంది. మా ఈడు వాళ్లంతా ఆ పాఠం నోటికి చదివినవాళ్లే. బాపు దాన్ని మా ఇద్దరితోనే మొదలుపెట్టాడు. “పద్మ ఈజ్ క్లెవరర్ దాన్ సుజాత.” అదే తిప్పి చెప్తే, “సుజాత ఈజ్ నాట్ సో క్లెవర్ యాజ్ పద్మ.” సుజాత అంటే నేనే. ఆ వాక్యాన్ని మా వరండాలో ఎన్నిసార్లు రాశానో! అందులో నా పేరు ఎప్పుడూ ఓడిపోయే పక్కనే ఉండేది. గ్రామర్ తప్పు లేకుండా రాస్తే బాపు ‘గుడ్’ అనేవాడు. ఆ ‘గుడ్’ కోసమే రాసేదాన్ని.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా రేకుల గదికి కైసా వచ్చింది. ఆమెది ఫిన్లాండ్. అక్కడి విశ్వవిద్యాలయంలో భాషల మీద చదువుకుంటూ, తెలుగు నేర్చుకోవడానికి వచ్చింది. ఇక్కడి లెక్చరర్ ఒకాయన బాపుకు తెలిసినవాడు కావడంతో మా ఇంట్లో కిరాయికి దిగింది. మనిషి పొడుగు. ఎండకు ముఖం ఎర్రగా కందిపోయి, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని తిరిగేది. వచ్చిన రోజే నాయినమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీ పేరేంది బిడ్డ?”

“కైసా.”

“మంచిగనే ఉన్న. నేనడిగింది నీ పేరు.”

“నా పేరే కైసా, అమ్మమ్మగారూ.”

ఉర్దూలో కైసా అంటే ‘ఎట్లా’ అని అర్థం. నాయినమ్మకు చివరిదాకా ఆ పేరు పేరులా అనిపించలేదు. ఆమెను పిలిచిన ప్రతిసారీ తానే నవ్వుకునేది. కైసా తెలుగు పుస్తకాల్లోంచి దిగి వచ్చినట్టు ఉండేది. “దయచేసి కొంచెం చారు పోయండి” అని ఆమె అంటే, పద్మా నేనూ కంచాల్లో తలలు దూర్చి నవ్వు ఆపుకునేవాళ్లం.

ఆదివారం పొద్దున బాపు ఆమెకు వరండాలో పాఠం చెప్పేవాడు. అడిగేదంతా ఆమే. ఒకసారి పోలిక దగ్గర చాలాసేపు ఆగిపోయింది. తన భాషలో పెద్ద అనే మాట ‘ఇసో’ అట. ఇంకొకదాని పక్కన పెట్టి చెప్పాలంటే ఆ మాటకే తోక తగిలించి ‘ఇసోంపి’ అంటారట. ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో మాత్రం ‘దానికన్న ఇది పెద్ద’ అన్నా పెద్ద పెద్దగానే ఉంటుంది, మాటకు ఏమీ కాదు. అది ఆమెకు భలే నచ్చింది. ఆ ఊపులోనే అడిగింది.

“సార్, ఈ రెండింటినీ పోల్చడం వీలుకాదు అని తెలుగులో ఎలా చెప్తారు?”

“గదేడ, గిదేడ అంటం. పుస్తకంల రాయాల్నంటే అదెక్కడ, ఇదెక్కడ.”

“కానీ సార్, అలా అన్నప్పుడు ఒకటి పైన ఉంటుంది, ఒకటి కింద ఉంటుంది. వినేవాళ్లకు ఏది పైదో తెలిసిపోతుంది. అది పోల్చడమే కదా?”

బాపు నవ్వాడు. “అయితే సాటిలేనిది అనున్రి.”

“అది పొగడ్త. మాకూ ఉంది, వెర్తాన్సా వైల్లా అని, తనకు సాటి లేకుండా అని. నేను అడిగేది అది కాదు. రెండూ వేరు, ఏదీ ఎక్కువ కాదు. దానికి మాట?”

చాటలో బియ్యం చెరుగుతున్న నాయినమ్మ, “దేనికదే అంటం గదరా” అంది. ఇక ఆ రోజంతా కైసా నోట అదే మాట. బీరకాయ కూర బాగుందా, పప్పు బాగుందా అని అమ్మ అడిగినా “దేనికదే”. మీ భాషలో ఏమంటారని నేను అడిగితే, రాత్రీ పగలూ లాగా అంటామంది. “కానీ అందులో కూడా అందరికీ పగలే ఇష్టం. మా ఊరి చలికాలం చూస్తే నీకు అర్థమవుతుంది, సూర్యుడు సరిగ్గా రానే రాడు” అని నవ్వింది.

వేసవి సెలవుల్లో ఫలితాలు వచ్చాయి. నేను ఇంగ్లీషులో ఫెయిలయ్యాను. మిగతా అన్నింట్లో గట్టెక్కి, ఇంగ్లీషు మాస్టారి బిడ్డనై ఇంగ్లీషులోనే పోయాను. బాపు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాను. పేపరు మడిచి చంకలో పెట్టుకుని క్లాసుకు పోయాడు. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేశాడు. అన్నం కలుపుకుని సగంలోనే లేచిపోయేదాన్ని. చుట్టాలు వచ్చి పద్మ చదువు గురించి అడిగి, నా వైపు చూసి, గొంతు తగ్గించేవాళ్లు. ఆ తగ్గించిన గొంతులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

తొలకరి వానలు పడ్డాక ఒక సాయంత్రం కైసా కాల్చిన మక్కబుట్ట తింటానంటే అశోక్‌నగర్ మూలకు తీసుకుపోయాను. బొగ్గుల మీద కంకులు పటపటలాడుతున్నాయి. హాస్టల్ పిల్లలు ఇద్దరు పుస్తకాలు తడవకుండా చొక్కాల్లో దోపుకుని మా పక్కన నిలబడ్డారు. కైసా నా వైపు తిరిగి, “సుజాతా, దీని మీద నిమ్మకాయ కూడా రాస్తారా?” అంది. ఆ పేరు వినగానే వాళ్లలో ఒకడు నన్ను తేరిపార చూశాడు.

“ఇంగ్లీష్ సార్ బిడ్డవా చెల్లె? సుజాతవా?”

అవునన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. పక్కవాడి భుజం చరిచి, “అరేయ్, సుజాత అంటె గీమెనేరా! పద్మ ఈజ్ క్లెవరర్ దాన్ సుజాత!” అన్నాడు.

రెండోవాడు వెంటనే అందుకున్నాడు. “సుజాత ఈజ్ నాట్ సో క్లెవర్ యాజ్ పద్మ!”

అందులో వెక్కిరింత లేదు. ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. “మీ పేర్ల మీదనే గా లెసన్ మాకు పక్కా అయింది చెల్లె. సార్ మస్తుగ చెప్తడు” అని వాడు ఎంతో కృతజ్ఞతగా అన్నాడు. నా పెదవుల మీద ఉప్పూకారం మండుతోంది. కంకి కొరకలేకపోయాను. ఆ వాక్యం మా వరండాది మాత్రమే అనుకున్నాను నేను. ఊర్ల నుంచి వచ్చిన ముక్కూముఖం తెలియని వాళ్లంతా ఏళ్ల తరబడి దాన్ని గొంతెత్తి చదివారనీ, పాసై కొలువుల్లో చేరినవాళ్లు నా పేరును ఏ ఊరికో మోసుకుపోయారనీ ఆ మూలన, బొగ్గుల పొగలో నాకు తెలిసింది. కైసా ఇంటిదాకా నా చేయి పట్టుకుని నడిచింది.

ఆ ఆదివారం పాఠంలో బాపు వాక్యాలు చెప్తున్నాడు, కైసా తన భాషలోకి మార్చి రాస్తోంది. నేను నాయినమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

“సుజాత కన్న పద్మ తెలివిగలది. గిది రాయున్రి” అన్నాడు బాపు.

కైసా పెన్ను కింద పెట్టింది. “సార్, ఈ వాక్యం నేను రాయను.”

“ఏ, కష్టంగున్నదా?”

“కష్టం కాదు, చాలా సులభం. కానీ ఆ అమ్మాయి ఇక్కడే కూర్చుని ఉంది.”

“ఉదాహరణకే గద అమ్మా.”

“అయితే నా పేరు పెట్టండి. కైసా కన్న పద్మ తెలివైనది. అది రాస్తాను.”

గుమ్మంలో నిలబడ్డ పద్మ లోపలికి పరుగెత్తింది. బాపు ముఖంలో రంగు మారింది. క్లాసు ఉందని లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆదివారం క్లాసు ఉండదని మా అందరికీ తెలుసు. ఆ సాయంత్రం ఆయన కంచంలో అన్నం వడ్డిస్తూ అమ్మ, “పిల్ల నెల సంది సరిగ తింటలేదు. చూస్తున్నవా నువ్వు?” అంది. ఆయనతో అమ్మ అలా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. ఆదివారం పాఠాలు ఆగిపోయాయి.

సెప్టెంబరులో మళ్లీ పరీక్ష. కైసా సాయంత్రాలు నన్ను మిద్దె మీదికి పిలిచి, వేడి దిగని రేకుల గది ముందు చాప వేసి ఇంగ్లీషు చదివించింది. ఆమెకూ ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నదే. తన భాషలో ఆడకూ మగకూ ఒకటే మాట కావడంతో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మా నాయినమ్మను ‘హీ’ అనేది, తర్వాత నాలుక కరుచుకునేది. ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్లం. ఇన్, ఆన్, అట్ దగ్గర నేను తికమకపడుతుంటే ఒకరోజు చెప్పింది. “తలో అంటే ఇల్లు, తలోస్సా అంటే ఇంట్లో. మీరూ మేమూ ‘లో’ను మాట వెనక పెడతాం. ఇంగ్లీషువాళ్లు ముందే పెడతారు. అంతే సుజాతా, నీకు తెలివి లేక కాదు, ‘లో’ను వెతకాల్సిన చోట వెతకడం లేదు.” తెలివి అనే మాటను నా పక్కన పెట్టి అంత మామూలుగా ఎవరూ మాట్లాడి ఉండలేదు. చదువు మీద నాకు ప్రేమేమీ పుట్టలేదు గానీ, భయం మాత్రం తగ్గింది.

బతుకమ్మ పూలు గల్లీలోకి వచ్చిన రోజుల్లో ఫలితం తెలిసింది. పేపరులో నంబరు వెతికింది బాపే. అమ్మ, నాయినమ్మ, పద్మ, మెట్ల మీద కైసా, అందరం ఆయన వేలు ఆగిన చోటు చూస్తున్నాం.

“పాసైనవ్ బిడ్డ” అన్నాడు.

తర్వాతి మాట కోసం అందరం ఎదురుచూశాం. ‘పద్మ అయితే...’ అని ఆయన మొదలుపెట్టడం మాకు అంత అలవాటు. ఆయన నోరు తెరిచాడు కూడా. మళ్లీ మూసుకుని, పేపరు మడిచి, నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు. ఆ వాక్యం అక్కడితో ఆగిపోయింది. అంతకన్నా మెచ్చుకోలు ఆయన నుంచి నాకు తర్వాత కూడా దొరకలేదు.

కొన్నాళ్లకు బాపు టిఫిన్ డబ్బా మరిచిపోతే హాలుకు తీసుకుపోయాను. మెట్ల మీదికే ఆ పాఠం వినబడుతోంది. లోపల అందరూ కలిసి, గోదావరి కృష్ణ కంటే పొడవైనదని ఇంగ్లీషులో అరుస్తున్నారు. ఎవరో అడిగారు, “సార్, మీ బిడ్డల పేర్లు చెప్తరంట గద? మా అన్న చెప్పిండు.”

“గవి పాతబడ్డయి తియ్. నదులు రాస్కోన్రి” అన్నాడు బాపు బొంగురు గొంతుతో. అప్పుడే గుమ్మంలో నన్ను చూశాడు. వచ్చి డబ్బా తీసుకుని, “ఎండల ఎందుకొచ్చినవ్?” అన్నాడు. అంతే. మా ఇద్దరి మధ్య ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆ మరుసటి ఎండాకాలానికి ముందే కైసా వాళ్ల దేశం వెళ్లిపోయింది. కొన్నేళ్లు కొత్త సంవత్సరానికి మంచు బొమ్మల కార్డులు వచ్చేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. నాయినమ్మ పోయింది. బాపు పోయాడు. ఇల్లు అమ్మేశాం. ఆ గల్లీలో ఇప్పుడు అపార్టుమెంట్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు. బండల వాకిళ్లు లేవు, రేకుల మీద వాన చప్పుడు లేదు, పూల రాశుల చుట్టూ చేరే ఆ ఆడవాళ్లలో సగం మంది లేరు. అశోక్‌నగర్ మూలన మాత్రం పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అవే కళ్లతో పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు.

మొన్న పండ్లు తీసుకుని హైదర్‌గూడలో పద్మ ఇంటికే పోయాను. అది పెద్ద ఆఫీసరు. నేను ఒక చిన్న ఆఫీసులో టైపు పని చేస్తాను. తలుపు తీసిన మనిషిని చూస్తే కళ్ల కింద నలుపు, చేతిలో ఫోను, సోఫా నిండా కాగితాలు. ప్రమోషన్ లిస్టులో తనకంటే వెనక చేరినామె పేరు ముందు వచ్చిందట. పడుకుని ఎన్ని రోజులైందో అన్నట్టు ఉంది. టీ పెట్టి తెచ్చి పక్కన కూర్చున్నాను. కప్పు రెండు చేతులతో పట్టుకుని పద్మ అంది.

“అక్కా, నువ్వొకపారి ఫెయిలైనవ్, అయిపాయె. నాకు ఒక్కపారన్న ఫెయిలయ్యే తీరిక ఇయ్యలేదు ఎవ్వరు.”

నాది పెద్ద బరువా, దానిది పెద్ద బరువా అని మనసు అలవాటుగా తూచబోయింది. చేతకాలేదు. దాని చేతిలోని ఫోను మెల్లగా తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాను. అది నా భుజం మీద తల వాల్చి, చిన్నపిల్లలా నోరు కొంచెం తెరుచుకుని, టీ చల్లారిపోయేదాకా నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను.